యుద్ధం ముగిశాక వింటామంటే సాక్షులు మిగలరు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

2026 మార్చి 31 నాటికి దేశంలో మావోయిజాన్ని తుదముట్టిస్తామని కేంద్ర హోంమంత్రి గడువు ప్రకటించినప్పటి నుంచి మన పత్రికల నిండా లెక్కలే. కర్రెగుట్టల్లో ఎంతమంది చనిపోయారు, అబూజ్‌మాడ్‌లో ఎంతమంది, లొంగిపోయినవారు ఎందరు, వారి తలలపై ఉన్న రివార్డు ఎన్ని లక్షలు అని జిల్లా ఎడిషన్‌లో చదువుతూ వస్తున్నాం. ఆ వార్తలు అవసరమే. కానీ ఈ ఇరవై ఏళ్లలో ఎవరి ఊరు ఖాళీ అయింది, ఎవరి కొడుకు అడవికి వెళ్లి తిరిగి రాలేదు, ఎవరి భర్తను ఇన్‌ఫార్మర్ అని రాత్రివేళ ఇంట్లోంచి తీసుకెళ్లి చంపారు అన్న లెక్కను ఒక్కచోట కూర్చి రాసినవారు నాకు కనబడలేదు. ఆ లెక్క ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే ఈ ఉత్తరంలో నేను చెప్పదలచిన విషయం. పోరు పూర్తిగా సద్దుమణిగాక చూద్దామని చాలామంది అంటున్నారు. అప్పటిదాకా ఆగితే చూడడానికి ఏమీ మిగలదని నా భయం.

హింస నుంచి బయటపడుతున్న సమాజం తనలో జరిగిన దారుణాల నిజాన్ని వెలికితీసి, చేసినవారిని జవాబుదారీ చేసి, నష్టపోయినవారిని నిలబెట్టి, అలాంటివి మళ్లీ జరగకుండా వ్యవస్థలను సరిదిద్దుకునే ప్రయత్నాన్ని న్యాయకోవిదులు సంధికాల న్యాయం అంటున్నారు. పేరులోనే చిక్కుంది. సంధికాలం వస్తేగాని ఈ న్యాయం మొదలుకాదన్న అర్థం అందులో ధ్వనిస్తుంది. పైగా మన ప్రభుత్వాలు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో జరుగుతున్నదాన్ని శాంతిభద్రతల సమస్యగానే చూస్తాయి తప్ప సాయుధ సంఘర్షణగా ఒప్పుకోవు. సంఘర్షణే లేదన్నప్పుడు బాధితులు ఎక్కడి నుంచి వస్తారు?

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఒక ఏజెన్సీ మండలంలో నేను ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న రోజుల్లో, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయ ఆదివాసుల ఆవాసం నుంచి ఒక తండ్రి తన కూతుర్ని బడిలో చేర్చడానికి తీసుకొచ్చాడు. అడ్మిషన్ రిజిస్టర్‌లో స్వగ్రామం అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది. కోయ భాష వచ్చిన మా అటెండరు అడిగితే అతను ఒక ఊరి పేరు చెప్పాడు. జిల్లా ఏదని అడిగినప్పుడు నడుముకు చుట్టుకున్న గుడ్డలోంచి పాలిథిన్ కవరు తీసి, అందులో జాగ్రత్తగా మడిచి పెట్టుకున్న ఓటరు కార్డు నా బల్ల మీద పెట్టాడు. హిందీ అక్షరాలు సగం చెరిగిపోయాయి, ఫొటో చెమటకు వెలిసిపోయి మనిషి ఆకారం మాత్రం మిగిలింది. ఆ ఊరు ఇప్పుడు ఉందా అని అడిగించాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. ఇళ్లు కాలిపోయాయి, పొలం ఉంది, చింతచెట్టు ఉంది అని తర్వాత చెప్పాడు. ఎవరు కాల్చారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అడిగినా ఆ జవాబు రాయడానికి నా రిజిస్టర్‌లో గడి లేదు.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్, సుక్మా ప్రాంతాల్లో 600కు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్కన శిబిరాలకు తరలించారు, కొందరు అడవి లోపలికి పోయారు, వేలమంది గోదావరి వైపు మన గడ్డకు వచ్చారు. అలా వచ్చినవారికి తెలంగాణలో గిరిజనులుగా గుర్తింపు లేదు, సాగు చేసుకునే పోడుకు పట్టా లేదు. అటవీ సిబ్బందితో తరచూ గొడవలు. 2022లో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారి ఇలాంటి గొడవలోనే దారుణంగా హతుడయ్యాడు. ఆ హత్యను ఏ కారణమూ సమర్థించలేదు. ఒకచోట జవాబు దొరకని అన్యాయం సరిహద్దు దాటి ఇంకొకరి ఇంట్లో శవమై తేలుతుందనడానికి మాత్రం అదొక ఉదాహరణ.

పోరు సాగుతుండగా ఇలాంటి పని ఎక్కడైనా జరిగిందా అని అడిగేవారికి కొలంబియా పేరు చెబుతాను. అక్కడ ప్రభుత్వానికీ, ఫార్క్, ఈఎల్‌ఎన్ వంటి గెరిల్లా దళాలకూ, భూస్వాముల అండతో పెరిగిన పారామిలిటరీ ముఠాలకూ మధ్య అర్ధ శతాబ్దానికి పైగా యుద్ధం నడిచింది. ఫార్క్‌తో శాంతి ఒప్పందం 2016లో కుదిరింది. బాధితుల చట్టం మాత్రం దానికి ఐదేళ్ల ముందే, 2011 జూన్‌లో, తుపాకులు మోగుతుండగానే వచ్చింది. దేశంలో సాయుధ సంఘర్షణ ఉందన్న మాటను ఆ చట్టంలో రాయడానికి అంతకుముందు దేశాధ్యక్షుడిగా ఉన్న ఉరిబె గట్టిగా అభ్యంతరం చెప్పారు. తర్వాత వచ్చిన శాంతోస్ ఆ మాట రాయించారు. ఎవరి చేతిలో నష్టపోయారన్న దానితో నిమిత్తం లేకుండా, గెరిల్లాలు కిడ్నాప్ చేసినవారూ, సైన్యం చంపినవారి కుటుంబాలూ, పారామిలిటరీలు భూమి లాక్కున్న రైతులూ ఒకే జాబితాలో పేరు రాయించుకునే వీలు కలిగింది. సుమారు 5 కోట్ల జనాభా ఉన్న ఆ దేశంలో ఈ జాబితా 90 లక్షల పేర్లు దాటింది. వారిలో అత్యధికులు ఊరు విడిచిన వారే, మా బడికి వచ్చిన ఆ తండ్రి లాంటి వారే.

దానికి ముందు కొలంబియా ఒక పెద్ద తప్పు కూడా చేసింది. ఆ కాలంలో 30 వేలమందికి పైగా పారామిలిటరీలు ఆయుధాలు దించారు. వారి కోసం 2005లో ఒక చట్టం తెచ్చారు. నిజం చెబితే 8 ఏళ్లకు మించని శిక్షతో బయటపడవచ్చన్నది షరతు. ముఠా నాయకులు నోరు విప్పడం మొదలుపెట్టి, తమ వెనక ఉన్న రాజకీయ నాయకుల పేర్లు బయటికి వస్తున్న సమయంలో, 2008 మేలో 14 మంది ప్రధాన నాయకులను మాదకద్రవ్యాల కేసుల్లో అమెరికాకు పంపేశారు. తమవారిని ఎక్కడ పాతిపెట్టారో అడగాల్సిన తల్లులు ఇక్కడ, చెప్పాల్సినవారు సముద్రాల అవతల జైళ్లలో. ఈ అనుభవమే తర్వాతి ఒప్పందాన్ని మెరుగుపరిచిందని నేననుకుంటాను. 2014లో హవానాలో ఫార్క్‌తో చర్చలు నడుస్తున్నప్పుడు పన్నెండేసి మంది చొప్పున ఐదు విడతలుగా 60 మంది బాధితులను ఆ చర్చల గదికే తీసుకెళ్లారు. కాల్పుల విరమణ ఇంకా పూర్తిగా కుదరని కాలమది. తమ కుటుంబాన్ని చంపిన దళం నాయకుడి ఎదుట కూర్చుని వారు మాట్లాడారు.

మన దగ్గర 2004 అక్టోబర్‌లో హైదరాబాద్ మంజీరా అతిథిగృహంలో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య జరిగిన చర్చలను నాతరం వారెవరూ మరచిపోలేదు. అడవి నుంచి నాయకులు బయటికి రావడం, దారి పొడవునా జనం చూడడానికి ఎగబడడం ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఆ చర్చల వెనక విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి నాయకత్వంలో పౌర స్పందన వేదిక 1997 నుంచి చేసిన ఓర్పుగల కృషి ఉంది. 1987లో గుర్తేడు దగ్గర సాటి అధికారులతో పాటు తనను బందీగా పట్టుకున్న పార్టీతోనే ఆయన శాంతి గురించి మాట్లాడారు. ఊళ్లకు వెళ్లి, ఎన్‌కౌంటర్లలో పోయినవారి ఇళ్లకూ, నక్సలైట్లు చంపినవారి ఇళ్లకూ వెళ్లి, ఇరుపక్షాలనూ ఒకే గొంతుతో ప్రశ్నించిన వేదిక అది. ఇంత చేసినా మంజీరాలో బల్లకు ఒక పక్క మంత్రులు, ఒక పక్క పార్టీ ప్రతినిధులు, మధ్యన మధ్యవర్తులు కూర్చున్నారు. బాధితులకు కుర్చీ లేదు. ఆయుధాలు పట్టుకుని ఊళ్లలో తిరగవచ్చా లేదా అన్న చోట చర్చలు చిక్కుకున్నాయి, 2005 జనవరికల్లా అంతా ముగిసిపోయింది. బాధితులు ఆ గదిలో ఉండి ఉంటే చర్చలు నిలిచేవని నేను చెప్పలేను. వారి కథనాలు మాత్రం నమోదై ఉండేవి.

నమోదు కాకపోతే ఏమవుతుందో తెలుగువారికి వేరే దేశం వెళ్లి తెలుసుకోవలసిన పని లేదు. ఎమర్జెన్సీ కాలపు ఎన్‌కౌంటర్లపై 1977లో వేసిన భార్గవ కమిషన్ విచారణ మధ్యలోనే ఆగిపోయింది, గిరాయిపల్లి అడవిలో చనిపోయిన విద్యార్థుల కథ అసంపూర్తిగానే మిగిలింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై జరిగిన పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారని అధికారిక లెక్క. ఆదివాసులు ఆ లెక్కను ఏనాడూ ఒప్పుకోలేదు. అసలు సంఖ్య ఎంతో ఈనాటికీ తేలలేదు. స్మారక స్తూపాన్ని ఒకసారి కూల్చేశారు, మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే నిషేధాజ్ఞలు, పోలీసు పహారా. ఒక ముఖ్యమంత్రి అక్కడికి వెళ్లి స్మృతివనానికి శంకుస్థాపన చేసింది 2024లో. ఆ రోజు సంతలో బుల్లెట్ తగిలిన పాతికేళ్ల యువకుడు బతికి ఉంటే 2024 నాటికి 68 ఏళ్ల ముసలివాడు. ఇంత ఆలస్యంగా వచ్చిన గౌరవం ఎంతమంది తల్లుల చెవిన పడి ఉంటుంది?

బస్తర్ విషయంలో చేతికి అందిన నిజాలు కూడా కాగితాల మధ్యనే ఉన్నాయి. 2012 జూన్‌లో సర్కేగూడలో 17 మంది భద్రతా బలగాల కాల్పుల్లో చనిపోయారు. వారు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక ఇచ్చింది, 2019 డిసెంబర్‌లో అది శాసనసభ ముందుకు వచ్చింది. ఆ ఊరివారు ఇంకా న్యాయం కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. 2013 మేలో ఎడెస్‌మెట్టలో విత్తనాల పండుగకు చేరిన గ్రామస్థులు కాల్పుల్లో పోయారు. అటువైపు చూస్తే, 2006 జులైలో ఎర్రబోరు శిబిరంపై మావోయిస్టులు దాడిచేసి పసిపిల్లలతో సహా 30 మందికి పైగా ప్రాణాలు తీశారు. 2010 ఏప్రిల్‌లో తాడిమెట్ల వద్ద 76 మంది జవాన్లు, అంతకు ముందు 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో 38 మంది, వారిలో ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ పిల్లలు, బలయ్యారు. ఒక కానిస్టేబుల్ భార్య కన్నీటినీ, సర్కేగూడ తల్లి కన్నీటినీ వేర్వేరు తక్కెడల్లో తూచే పద్ధతి మానుకోనంత వరకు ఈ పని మొదలే కాదు. ఇది నా గట్టి అభిప్రాయం. ఇరుపక్షాల అభిమానులకూ ఇది రుచించదని తెలిసే రాస్తున్నాను.

2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఇచ్చిన తీర్పును ఇక్కడ తలచుకోవాలి. ఐదో తరగతి చదివిన ఆదివాసీ యువకులకు నెలకు 3 వేల రూపాయలిచ్చి, తుపాకీ చేతికిచ్చి, సాటి ఆదివాసుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని ఆ తీర్పు తేల్చింది. తర్వాత ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం చట్టం చేసి వారిని వేరే పేరుతో కొనసాగించింది. ఇవాళ లొంగిపోయినవారిలో కొందరు ఛత్తీస్‌గఢ్ పోలీసు దళమైన డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్‌లో చేరి, నిన్నటి సహచరులను వెతకడానికి ముందు నడుస్తున్నారు. ఆయుధం దించిన చేతికి మళ్లీ ఆయుధమిస్తే ఆ మనిషి ఎప్పుడు ఇంటికి వెళ్తాడు? రేపు ఆ ఊరివాళ్లు అతన్ని ఏ కళ్లతో చూస్తారు?

లొంగుబాటు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు దొరికిన అవకాశం అక్కడే ఉంది. 2025 అక్టోబర్‌లో మావోయిస్టు అగ్రనేతలు మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో, తక్కళ్లపల్లి వాసుదేవరావు జగ్‌దల్‌పూర్‌లో వందలాది సహచరులతో బయటికి వచ్చారు. ఇద్దరూ తెలుగువారే. మన పోలీసు కార్యాలయాల్లో లొంగుబాటు ఎలా జరుగుతుందో టీవీలో చూస్తూనే ఉన్నాం. వరుసగా నిలబెడతారు, తక్షణ సాయంగా 25 వేల రూపాయలు ఇస్తారు, తలపై ఉన్న రివార్డు చెక్కు వారి చేతికే అందిస్తారు, ఫొటో దిగుతారు. ఆయుధాల డంపుల గురించి మాట్లాడతారు. చంపి పాతిపెట్టిన గ్రామస్థుల ఎముకలు ఎక్కడున్నాయో అడిగినట్టు ఒక్క ప్రెస్‌మీట్‌లోనూ నేను వినలేదు. ప్రజాకోర్టులో శిక్ష వేసి, శవం పక్కన కరపత్రం పెట్టి వెళ్లిన వారెవరో, ఆ తీర్పుకు ఆధారం ఏమిటో, ఆ కుటుంబానికి చెప్పాల్సిన బాధ్యత బయటికి వచ్చిన నాయకుల మీద ఉంది. వారిని ఉరితీయమని నేను అడగడం లేదు. నిజం చెప్పకుండా పునరావాసం పొందే వీలు మాత్రం ఉండకూడదని అడుగుతున్నాను.

ఇలా అడిగితే లొంగుబాట్లు ఆగిపోతాయని పోలీసు అధికారులు అనవచ్చు. ఆ భయం నిజమైనదే. దీనికి కొలంబియా రెండు దారులు వేసింది. తప్పిపోయినవారిని వెతికే విభాగాన్ని కోర్టులకు వెలుపల పెట్టి, అక్కడ చెప్పిన మాటను చెప్పినవాడి మీద నేరారోపణకు వాడకూడదని నియమం చేసింది. బలవంతంగా అదృశ్యమైనవారు లక్షా ఇరవై వేలకు పైగా ఉన్నారని అక్కడి సత్యాన్వేషణ కమిషన్ 2022లో తేల్చిందంటే, ఆ నియమం లేకుండా ఎముకల జాడ దొరకడం ఎంత కష్టమో ఊహించవచ్చు. రెండోది ప్రత్యేక శాంతి న్యాయస్థానం. అక్కడ పూర్తి నిజం ఒప్పుకుంటే జైలు బదులు ఎనిమిదేళ్ల వరకు నష్టపరిహార సేవ, దాస్తే మామూలు జైలు.

ఆ న్యాయస్థానం సైన్యాన్ని కూడా వదలలేదన్నది మనం గమనించవలసిన విషయం. పని ఇప్పిస్తామని పేద కుర్రాళ్లను ఊరు దాటించి, చంపి, గెరిల్లా దుస్తులు తొడిగి, ఎదురుకాల్పుల్లో చనిపోయారని లెక్క చూపించిన ఉదంతాలు 2002 నుంచి 2008 మధ్య 6,402 ఉన్నాయని అది తేల్చింది. బొగోటా పక్కన సోవాచా అనే పట్టణం నుంచి మాయమైన కుర్రాళ్ల శవాలు వందల కిలోమీటర్ల దూరంలో ఒకాన్యా వద్ద దొరికాయి. 2022 ఏప్రిల్‌లో అదే ఒకాన్యాలో మాజీ సైనికాధికారులు ఆ తల్లుల ముందు నిలబడి, మీ పిల్లలు గెరిల్లాలు కారు, మేమే చంపాం అని ఒప్పుకున్నారు. అంతకు ముందు, 2019 చివరలో, ఒక సైనికుడు ఇచ్చిన సమాచారంతో దబేయిబా శ్మశానంలో తవ్వకాలు మొదలై, కొన్ని నెలల్లోనే ఒక కుటుంబానికి తమ మనిషి అవశేషాలు అందాయి. ఎముకల పెట్టె అందుకోవడం కూడా ఒక ఊరటేనని బిడ్డ జాడ తెలియని తల్లికి తప్ప ఇతరులకు అర్థం కాదు.

కొలంబియాలో అంతా బాగుందని నేను చెప్పడం లేదు. ఒప్పందాన్ని 2016 ప్రజాభిప్రాయ సేకరణలో స్వల్ప తేడాతో జనం తిరస్కరిస్తే సవరించి పార్లమెంటులో ఆమోదించారు. ఆయుధాలు దించిన ఫార్క్ సభ్యుల్లో 400 మందికి పైగా ఆ తర్వాత హత్యకు గురయ్యారు. 2025 జనవరిలో కాతాతుంబో ప్రాంతంలో ఈఎల్‌ఎన్‌కూ ఫార్క్ చీలిక ముఠాకూ మధ్య చెలరేగిన పోరులో 50 వేలమందికి పైగా ఊళ్లు విడిచారు. ఇంత జరుగుతున్నా న్యాయస్థానం తలుపులు మూయలేదు. ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే కిడ్నాప్‌ల నేరంపై ఏడుగురు ఫార్క్ అగ్రనేతలకూ, బూటకపు ఎన్‌కౌంటర్లపై 12 మంది మాజీ సైనికులకూ మొదటి శిక్షలు విధించింది. ఏళ్ల తరబడి గెరిల్లాల చెరలో ఉన్నవారికి ఆ శిక్ష చాలలేదు, ఆ అసంతృప్తిని తప్పుపట్టలేం. పోరు ఆగాలి, అప్పుడు చూద్దాం అని కూర్చుని ఉంటే మాత్రం ఆ కోర్టు ఈనాటికీ పుట్టేది కాదు.

మన దగ్గర ముందుగా కావలసింది మృతదేహాల విషయంలో మర్యాద. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు 2025 మేలో అబూజ్‌మాడ్‌లో మరణించినప్పుడు శవం కోసం శ్రీకాకుళం నుంచి కుటుంబం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది, చివరికి నారాయణపూర్‌లోనే దహనం జరిగిపోయింది. ఆయన రాజకీయాలను తీవ్రంగా వ్యతిరేకించే నేను కూడా అది తప్పని అంటాను. అంత పేరున్న మనిషి కుటుంబానికే అలా జరిగితే, ఊరు పేరు లేని మురియా ఆదివాసీ పిల్ల శవాన్ని ఎవరు గుర్తుపట్టి ఎవరికి అప్పగిస్తారు? ప్రతి మృతదేహానికీ డీఎన్‌ఏ నమూనా తీసి భద్రపరచడం పెద్ద ఖర్చు కాదు. ఇవాళ తీయని నమూనా రేపు దొరకదు.

తర్వాత, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తమ చేతిలో ఉన్న పని చేయవచ్చు. గొత్తికోయల ఆవాసాలకు వెళ్లి, ఎవరు ఏ ఊరి నుంచి ఎప్పుడు ఏ కారణంగా వచ్చారో వారి భాషలోనే అడిగి రాసుకోవాలి. ఈ సర్వే అటవీశాఖ చేతిలో ఉండకూడదు, పోలీసుల చేతిలో అసలే ఉండకూడదు. హైకోర్టు పర్యవేక్షణలో విశ్రాంత న్యాయమూర్తి, కోయ భాష వచ్చిన ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు కలిసి చేయగలరు. తిరిగి వెళ్లాలనుకునేవారికి ఆ కాగితం ఛత్తీస్‌గఢ్‌లో తమ భూమి అడిగే ఆధారం అవుతుంది, ఉండిపోవాలనుకునేవారికి ఇక్కడ గుర్తింపు అడిగే ఆధారం అవుతుంది. వాజేడు, వెంకటాపురం మండలాల గుట్టల్లో కట్టెలకు, వెదురుకు వెళ్లినవారు ప్రెషర్ బాంబులు తొక్కి కాళ్లు పోగొట్టుకుంటున్నారు, ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ఆ బాంబులు ఎక్కడ పాతారో చెప్పగలిగినవారిలో కొందరు ఇప్పుడు మన మధ్యే ఉన్నారు. లొంగుబాటు సాయానికి మొదటి షరతుగా ఆ వివరాలు తీసుకుని దారులు శుభ్రం చేయిస్తే చాలు, ఈ పనికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. తునికాకు సీజన్‌లో మీ విలేకరులు చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం ప్రాంతాలకు వెళ్తారు. కల్లాల దగ్గర ఆకు కట్టలు లెక్కపెట్టే చోట ఆ మనుషులంతా దొరుకుతారు. ఎవరి పక్షాన పోయినా సరే, ఈ ఇరవై ఏళ్లలో చనిపోయిన, కనబడకుండా పోయిన వారి పేరు, ఊరు, తేదీ అడిగి, పేరు బయటపెట్టవద్దన్న వారి కోరికను మన్నిస్తూ, వారానికి ఒక ఊరి చొప్పున జిల్లా ఎడిషన్‌లో ప్రచురించండి. అనువాదానికి మనుషులు కావాలంటే కోయ, తెలుగు రెండూ వచ్చిన మా పాత విద్యార్థులు ఉన్నారు, వారిని నేను వెంటబెట్టుకొస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా.